సెకన్లముల్లు గారి సెన్సరు

గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా సెకన్లముల్లు అంటుంది. ఆయన కొట్లో ఆగిపోయిన గడియారాలు బోలెడున్నాయి గానీ, ఆయన నోరు ఆగడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. జనం ఫోన్లలో టైం చూసుకోవడం మొదలెట్టాక ఆ కొట్టుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చేవాళ్ళయినా ఫ్యాను కింద కాసేపు కూర్చోడానికే. అందుకని మొక్కల కుండీల్లో గుచ్చే సెన్సర్లు తెప్పించి అమ్మకానికి పెట్టాడు. నాలుగు నెలల్లో ఆ సెన్సరు వాడినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఆయనే.

ఆవేళ పొద్దున్న టీకొట్టు బల్ల మీద నర్సరీ అక్క, ఒళ్ళో సంచీ పెట్టుకుని కనిపించేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పదకొండింటి బస్సుకి ఆవిడ కూతురి పురిటికి వెళుతోంది. తొమ్మిది రోజులు ఊళ్ళో ఉండదు. షెడ్డులో నలభై ట్రేల మిరపనారు ఉంది, రెండేసి ఆకులతో. ఒక్క పూట నీళ్ళు తప్పితే తలలు వాల్చేసే వయసు. ఆ ట్రేల్లో తన సెన్సర్లు నిలబడితే మొక్కలు కొనడానికొచ్చే ప్రతివాడూ వాటిని చూస్తాడు, కొట్టు నిలబడుతుంది. లేదంటే వచ్చే నెల షట్టరు దించెయ్యడమే. ఆ మాట ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. ఇంత నోరున్న మనిషి దాచుకున్న మాట బహుశా అదొక్కటే.

"అక్కా, నువ్వు నిశ్చింతగా బస్సెక్కు. నా సెన్సరుంది కదా!" అని పక్కన కూలబడ్డాడు.

"అదేం చేస్తుంది తమ్ముడూ?"

"పెన్సిలంత ఉంటుంది, మట్టిలో గుచ్చుతాం, తడి తగ్గిందనుకో, ఫోన్లో టింగుమంటుంది, ఓ చెంబెడు పోస్తాం, ఊరుకుంటుంది. అంతే."

"బాగానే ఉందే," అన్నాడు టీకొట్టు బాబాయి. మెషిను కుడుతూ కుడుతూ టీకి లేచొచ్చిన టైలరు కూడా తలూపాడు. ఇక్కడితో ఆపి ఉంటే ఆయన ఈపాటికి పెద్ద వ్యాపారస్తుడయ్యేవాడు.

"అంతేననుకున్నాను నేనూ మొదట్లో! పదిరోజులు పోయాక ఏమైందో తెలుసా? తడి సంగతి వదిలేసి మనసులో మాటలు చెప్పడం మొదలెట్టింది. మూడో కుండీలో బెండ నిన్నటి నుంచి దిగులుగా ఉంది, ఎండ చాలట్లేదు, రెండడుగులు ఎడంగా జరుపు అని. జరిపాను. సాయంత్రానికి ఎనిమిది కాయలు!"

"సాయంత్రానికే?" అన్నాడు టైలరు.

"నువ్వు చొక్కా ఇస్తానన్న సాయంత్రం కాదు బావా, నిజం సాయంత్రమే. ఆ తర్వాత విను. ఓరోజు బస్సులో వెళుతున్నాను, నలభై మంది జనం, ఊరు దాటేశాం, టింగుమంది. టమాటాకి దాహం! డ్రైవరుకి ఫోను చూపించాను. ఆయనకీ ఇంటి దగ్గర మొక్కలున్నాయేమో, కళ్ళు తుడుచుకుని బస్సు వెనక్కి తిప్పేశాడు. నలభై మందీ మా మేడమెట్ల మీద వరసగా నిలబడి పైన కుండీలకి చెంబులందించారు. కండక్టరు ఒక్కడే దిగలేదు, చిల్లర లెక్కచూసుకోవాలన్నాడు."

కండక్టరు దిగలేదన్న ముక్కతో బాబాయి సగం నమ్మేశాడు. టీ కాగి పొంగబోతున్నా చూసుకోలేదు.

నర్సరీ అక్క మాత్రం గ్లాసులో టీ ఊదుకుంటూ అంది, "మరి వానొస్తే? అక్కర్లేకపోయినా నీళ్ళు పొయ్యమంటుందా?"

"వానా! వాన మా వంగమొక్క చెప్పకుండా రావడం మానేసి ఎన్నాళ్ళయింది అక్కా! నాలుగూ పదికి అంటే నాలుగూ పదికే. వాతావరణం ఆఫీసువాళ్ళు రోజూ పొద్దున్నే నాకు ఫోను. ఉండండి సార్, వంగనడిగి చెప్తానంటాను. పాపం, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు, లైన్లో పట్టుకునుంటారు."

"ఇవాళ చేశారా?" అన్నాడు టైలరు.

"ఇవాళ వంగకి సెలవు," అని కనురెప్ప వెయ్యకుండా చెప్పాడు. "ఇవన్నీ ఒకెత్తు. ఆనపతీగ చేసిన పని విన్నారా? మేమందరం పెళ్ళికెళ్ళాం, ఇల్లు తాళం, ఎండ మండిపోతోంది. ఫోను టింగు మీద టింగు. ఇక మోగీ మోగీ లాభం లేదనుకుందో ఏమో, సెన్సరు ఆనపతీగకే కబురుపెట్టింది. తీగ పిట్టగోడ దిగి, పైపు పట్టుకుని, పెరట్లో కుళాయి చుట్టూ మూడు చుట్లు తిరిగి, పట్టి తిప్పింది! గొట్టం ఎత్తి పైకి పట్టింది, కుండీ కుండీకీ, వరసలో!"

"మళ్ళీ కుళాయి కట్టేసిందా?"

"కట్టదూ మరి? నీలా వదిలేసి పోతుందా బావా?"

టీ పొంగింది. బాబాయి ఉలిక్కిపడి స్టవ్వు తగ్గించాడు. సెకన్లముల్లు ఫోను తీసి అక్క కళ్ళ ముందు పెట్టాడు. "అబద్ధమైతే చూసుకో. తేమ నూటికి నూరు. మొక్కలు ఆనందంగా ఉన్నాయి. నెల్లాళ్ళుగా ఇదే మాట, ఒక్క ఫిర్యాదు లేదు. నేను మేడ ఎక్కే పనే పడలేదంటే నమ్ము."

"నమ్ముతాను," అంది నర్సరీ అక్క. "నువ్వు ఎక్కలేదు గానీ, పొద్దున్న నేనెక్కాను. మొక్కలు నిగనిగలాడుతున్నాయి తమ్ముడూ. సెన్సరు మాత్రం నీళ్ళచెంబులో ఉంది."

టైలరు గ్లాసు కింద పెట్టాడు.

"చెంబులోనా?" అన్నాడు సెకన్లముల్లు.

"మీ ఆవిడే పెట్టింది. మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామంటే టింగుటింగుమని ప్రాణం తీస్తోందిట. చెంబులో వేసిన రోజు నుంచీ నోరెత్తలేదుట. దీన్లాగే ఆయనక్కూడా ఓ చెంబుంటే బాగుండు అంది. మొక్కలకి రోజూ మట్టిలో వేలు పెట్టి చూసి తనే పోస్తోంది."

బాబాయి పగలబడి నవ్వాడు. టైలరు బల్ల పట్టుకుని మరీ నవ్వాడు. సెకన్లముల్లు నోరు తెరిచాడు. అందులోంచి ఏమీ రాలేదు. ఆ వీధిలో అది మొదటిసారి. అక్క ఒక్కతే నవ్వలేదు. ఆయన బొటనవేలు ఫోను అద్దాన్ని ఊరికే రుద్దుతూ ఉండడం ఆవిడకి కనబడింది.

"అయితే... నలభై ట్రేలూ?" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

"షెడ్డు తాళం మీ ఆవిడకిచ్చేశాను." మలుపులో బస్సు హారను వినబడి ఆవిడ లేచింది. "నీ సెన్సరు కూడా ఓ ట్రేలో గుచ్చు. మట్టిలో, తమ్ముడూ. తొమ్మిది రోజులు అది చెప్పిందీ, మీ ఆవిడ వేలు చెప్పిందీ పక్కపక్కన రాసిపెట్టు. రెండూ కలిస్తే మిగతా ముప్ఫై తొమ్మిదింటికీ నీ దగ్గరే కొంటాను. కలవకపోతే, కలవలేదనే రాయి. ఉన్నదున్నట్టు రాయగలవా?"

బస్సొచ్చి ఆగింది, ఆవిడ మెట్టు మీద కాలు పెట్టి ఆయన వైపు చూసింది. బస్సు ఎంతసేపని ఆగుతుంది?

"రాస్తాను," అన్నాడు.

బస్సు కదిలిపోయింది. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి షెడ్డు వైపు నడిచాడు.

"ఎక్కడికి బావా, ఆనపతీగకి కబురు చెప్పడానికా?" అని టైలరు వెనకనుంచి కేకేశాడు.

"నీళ్ళు మొయ్యడానికి," అన్నాడు సెకన్లముల్లు, వెనక్కి తిరక్కుండా. అంతే అన్నాడు. ఇంకో ముక్క కలపలేదు.