స్వరాజ్యమత్త గోలిచ్చిన కంద

కూసోవే రిషితా, గా పీట గుంజుకొని గీడ నా పక్కకు కూసో. చేతులకు మెహందీ ఉన్నది, ఏం ముట్టకు, ఊకె సూడు. రేపు పెండ్లి వెట్టుకొని నానమ్మ గింత కంద ముంగటేసుకున్నదేందని మీ అమ్మ మొఖం మాడ్చుకున్నది, మాడ్చుకోనీ. ఫంక్షన్ హాల్ల కేటరింగోళ్లు అన్ని రకాలు జేస్తరట, చెయ్యనీ. ఒక్క బాండి కంద నేను నూనెల గోలిస్త. ఏందీ? కాదు కాదు, శివరాత్రికి ఉడకవెట్టుకొని తినే తియ్య గడ్డ గాదు, గిది దురద కంద. పైన మన్ను, లోపట గిట్ల ఎర్రగ. మా అవ్వగారింట్ల, ధూళిమిట్టల, బాయి గడ్డ పొంటి పెట్టేది మా తాత. మా ఇంట్ల పెండ్లంటె కంద గోలియ్యకుంట కాలే ఎన్నడు.

మా మేనత్త ఉండె, స్వరాజ్యం. మా బాపుకు చెల్లె. నీకు తెల్వది, మీ డాడి నా కడుపుల ఉన్నప్పుడే పోయింది. పెండ్లయిన కొన్నొద్దులకే మొగడు తాటిచెట్టు మీదికెంచి వడి సచ్చిపోతె, మల్ల అన్న ఇంటికే వచ్చింది. పొద్దుగాల లేశి ఇంటిల్లిపాదికి వండుడు ఆమెనే. మేమందరం ఆమె చేతి బువ్వ తినే పెరిగినం. కంద గోలిచ్చుడైతె అబ్బో! చేతులకు నూనె రాసుకొని కోసేది, తడి తాకనియ్యకపోయేది. చింతపండు రసంల ఒక్క పొంగు రానిచ్చి ఒంపేసి, గుడ్డ మీద ఆరేసి, అప్పుడు నూనెల ఏసేది. పైకెంచి ఎండు కొబ్బరి కుడుక పొడి, ఎల్లిగడ్డ, కారం. గా వాసనకు మా బాపు బాయి కాడికెంచి ముందుగాల్నే ఇంటికొచ్చేటోడు. గిది జెర పట్టు, ఆ, గా గిన్నె... అయ్యో మెహందీ! ఉండు, నేనే తీసుకుంట.

నా పెండ్లి. మీ తాతోళ్లు మద్దూరు నుంచి బండ్లు కట్టుకొని వచ్చిన్రు. గా పొద్దు మా పెద్దమ్మ, మా బాపు వదినె, నడుముకు కొంగు సుట్టుకొని పొయ్యి కాడ నిలవడ్డది. "స్వరాజ్యం, నువ్వు ఇయ్యాల గీడికి రాకు. ముత్తైదులం మేం జేస్తం తియ్, నువ్వు కొట్టం దిక్కు కూసో" అన్నది. రోజు ఆమె చెయ్యి కావాలె, పెండ్లినాడు అదే చెయ్యి పనికి రాదు. నాకు గిప్పటికి కడుపు మండుతది.  అత్త ఒక కంద గడ్డ సంకల వెట్టుకొని కొట్టంలకు వోయింది. గాడ మూడు రాళ్లు వెట్టి పొయ్యి రాజేసుకున్నది.

ఇగ మా పెద్దమ్మ ఏం జేసింది? కందను ఆలుగడ్డ అనుకున్నదో ఏమో, కోసి కోసి బక్కెట్ల నీళ్లల్ల ఏసి కడిగింది. చింతపండు లేదు ఏం లేదు, సక్కగ నూనెల గుమ్మరిచ్చింది. మొగపెండ్లోళ్లు బంతిల కూసున్నరు. మొదలు మా మామ దగ్గిండు. "ఏందయ్యా గిది, గొంతుల గండుచీమలు వాకినట్టున్నది!" ఆయెనెనక ఆయన తమ్ముడు, ఆయెనెనక బంతి బంతంత గొంతులు వట్టుకొని ఖాఁ ఖాఁ అనుడే. నవ్వకు, గప్పుడు మా బాపు మొఖంల నెత్తురు సుక్క లేదు, పెండ్లి తప్పిపోతదని.

గప్పుడొచ్చింది మా అత్త. ఎనుక తొవ్వ నుంచి గాదు, పందిరి ముంగటికెంచి వచ్చింది. ఒక చేతుల బెల్లం ఏసిన చింతపండు రసం, ఒక చేతుల బాండి. పెద్దమ్మ అడ్డం వోయి "నీ చెయ్యి అపశకునమే" అంటె, "నా చేతికి ఏం కాలే వదినె, నీ చేతికే చింతపండు లేదు" అన్నది. గంతే! మా మామ రసం తాగి, జెర నిమ్మలమై, "పెట్టు చెల్లె" అని ఇస్తారి ముంగటికి జరిపిండు. బాండి ఊడ్చి తిన్నరు. తిని మూతి తుడుసుకున్నంక, అచ్చింతల యాళ్లకు, పెద్దమ్మది మల్ల అదే ముచ్చట. "ఇగ నువ్వు లోపటికి వో స్వరాజ్యం." తినెతందుకు పనికొచ్చిన చెయ్యి అచ్చింతలకు పనికి రాలే.

నేను లేశిన. బాసింగం గట్టుకున్నదాన్ని, పీట మీదికెంచి లేశిన. అయ్యగారు "అమ్మాయ్, లేవకూడదమ్మా, ముహూర్తం!" అని మొత్తుకుంటుండు. మా బాపు కండ్లు ఎర్రజేసిండు. చెయ్యనీ అనుకున్న. గడప కాడ నిలవడ్డ మా అత్త ముంగట తల వంచిన. ఆమె చేతులల్ల చింతపండు వాసన. అచ్చింతలు ఏసింది. ఏసి, "పో, పోయి కూసో, ముహూర్తం పోతది" అన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు నేను సూసిన. అపశకునం అన్నరు గద, మీ తాతతోని ముసలిదాన్నయ్యేదాక కాపురం జేసిన. ఇంకేం శకునం గావాలె?

గిదంత ఎందుకు జెప్తున్ననంటె, పొద్దున మీ డాడి వచ్చిండు. మెత్తగ మాట్లాడుతడు హరీశ్, గట్టిగ అనడు. "అమ్మా, నువ్వు మండపం ముంగట కూసుంటె పిలగాని దిక్కోళ్లు ఏమన్న అనుకుంటరే. నాయిన లేకపాయె. నీకు ఎనుక ఏసీ కాడ సోఫా ఏపిస్త, ఆరాంగ కూసో" అన్నడు. సోఫా అట! కొట్టం పోయి ఏసీ వచ్చింది, ముచ్చట మాత్రం అదే.  సంచి వట్టుకొని మార్కెట్‌కు వోయి కంద తెచ్చుకున్న.

ఏంది? ఏమన్నవ్?

మండపంల నువ్వు లేస్తవా? వద్దు బిడ్డా. నువ్వు పీట మీదనే కూసో. ఎనకట నేను లేశిన గద, సాలు. రేపు నేనే నడుసుకుంట వస్త, గీ కంద చేతులతోనే. ఎవడాపుతడో సూస్త.

గా మంట జెర తక్కువ జెయ్, ముక్కలు మాడుతున్నయి. అయ్యో, మెహందీ... జరుగు, నేనే జేస్త.