సెకనుకోసారి కొలిచినవాడు

మెల్‌బోర్న్ శివారులో ఒక నీటి సరఫరా కార్యాలయం. కాంట్రాక్టు ఉద్యోగి టెవిటాకి ఆ రోజే వీడ్కోలు; వంటగదిలో కేకు బల్ల మీద పెట్టారు. పక్కనున్న కంప్యూటర్ల గదిలో ఇద్దరే మిగిలారు.

"పెద్దాయనా, ఒక్క నిమిషం ఇటు రా. పోయిన మంగళవారం మన పెద్ద కంప్యూటర్ మిషన్ పడకేసింది కదా, ఆనాటి కొలతలు బయటికి తీశాను."

"టీ చల్లారిపోతుంది, అమ్మాయ్."

"చల్లారనీ. టెవిటా ప్రోగ్రాం మిషన్ శక్తినంతా తినేస్తోందని మేనేజరుకి చెప్పింది నువ్వేగా? చూడు. వందలో అతని ప్రోగ్రాం తిన్నది నాలుగు వంతులు. మిషన్ మీద భారం ఎంతుందో కొలవడానికి నువ్వు పెట్టిన కమాండు తిన్నది ఎనభై ఎనిమిది."

"అంత తినదే!"

"నిమిషానికోసారి కొలవమనాల్సింది. నువ్వు ఉన్నవన్నీ సెకనుకోసారి కొలవమని, ఆపకుండా ఇంటికెళ్లిపోయావు."

"మరిచిపోయాను. పొరపాటు."

"అంతవరకూ పొరపాటే. గురువారం పొద్దున నువ్వు దాన్ని ఆపగానే మిషన్ లేచి కూర్చుంది. అంటే నీకు గురువారమే తెలుసు. టెవిటా కాంట్రాక్టు రద్దయింది శుక్రవారం."

"ముప్పై ఏళ్లుగా ఇక్కడ మిషన్ల జబ్బు పట్టుకునేది నేనే. ఆ జబ్బు నేనేనని ఏ నోటితో చెప్పను?"

"కేకు తినబోయే నోటితోనే చెప్పు. మేనేజరు అక్కడే ఉన్నాడు, పద."

"ముందు నువ్వెళ్లి ఆ కార్డు పట్టుకురా. మనమంతా సంతకాలు పెట్టిన కార్డు. టెవిటా ఇంకా విప్పలేదు."

"ఎందుకు? ఏం రాశావేంటి అందులో?"

"'జరిగినదానికి నిన్ను క్షమించేశాను, టెవిటా' అని రాశాను."