గొంగడి మీద జాగ

సాగర్ కాల్వ తవ్వుతున్న ఏడు, పెద్దవూర శివారులో ఒక పొద్దున. గొర్ల కాపరి అయిన ఆమె భర్త చనిపోయిన నాటి నుంచి కనబడ్డ ప్రతి కుక్క మీదికీ ఎగబడుతున్న నల్లకుక్క, ఇవాళ పొరుగు మంద కుక్క ఎదురుగా వచ్చినా కదలలేదు. మామ కోడలి వైపు తిరిగాడు.

“నెల సంది ఆ మంద కుక్కను రోజు పదడుగులు దగ్గరికి తెస్తున్నా, ఇది మీద పడుతుండె. ఇయ్యాల అరవనన్న అరవలే. ఏం జేసినవ్ బిడ్డా?”

“గొంగడి పరిసిన మామా. దాని మీద పండుకుంటే ఏ కుక్కొచ్చినా సప్పుడు చెయ్యది.”

“ఇగ రేపు అందరి మందలతోటి మనం గూడ కృష్ణ ఒడ్డుకు పోవచ్చు. ఏదీ, గా అంచు జర సూడనియ్యి.”

“పాతదే మామా.”

“గీ ఎర్రపోగు నేనేయించిన. మట్టిల పెట్టేనాడు నా కొడుకు మీద కప్పుమని నీ చేతికిచ్చిన గొంగడి గిది.”

“నాది కప్పిన మామా. దీంట్ల ఆయన వాసనుంటది. కుక్కకే కాదు, నాకు గూడ కావాలె.”

“ఎవల గొంగడి వాళ్లకే కప్పాలె బిడ్డా. లేకుంటే సలికి తిరిగొస్తరంటరు.”

ఆమె గొంగడి పక్కన కూర్చుని దాని ముడత సర్దింది.

“వాడొస్తుండా?”

“కుక్కను సూడు మామా. రోజూ గీ యాళ్లకే లేస్తది.”

కుక్క లేచింది. ఎవరూ లేని వైపు చూస్తూ తోక ఊపి, గొంగడి అంచుకు జరిగి, మనిషి పట్టేంత జాగ ఇచ్చి పడుకుంది.

“జర తప్పుకో బిడ్డా,” అంటూ ముసలాయన తన భుజం మీది గొంగడి తీసి, ఆ ఖాళీ మీద మెల్లగా కప్పాడు.