దుప్పి దిగిన తొట్టి

ఓరెస్ట్ ప్రొకోపిక్ నోరు విప్పితే బయటి చలి కూడా కిటికీకి చెవి ఆనించి వింటుందని ఆ ఊళ్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది ఓరెస్టే అనుకోండి. ఆ శనివారం, మంచు మీద గుండ్రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట షెడ్డులో, అద్దం అవతల రాళ్లు జారే చప్పుడు సన్నగా వినిపిస్తుంటే, కాఫీ బల్ల దగ్గర అతను నోరు విప్పడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు ఫ్రీడా ఫ్రీసెన్.

ఫ్రీడాకి హైవే పక్కన చిన్న మోటెల్ ఉంది. మానిటోబా చలిలో అక్కడికి జనం వచ్చేది పెరట్లో ఆరుబయటున్న వేడినీళ్ల తొట్టి కోసమే. చుట్టూ నడుమెత్తు మంచు, మధ్యలో ఆవిరి కక్కే నీళ్లు, వాటిలో మెడదాకా మునిగి, జుట్టు తెల్లగా గడ్డకట్టించుకుని పకపకా నవ్వే మనుషులు. చూస్తే ఎవరికైనా ప్రేమ పుడుతుంది. ఓరెస్ట్‌కీ పుట్టింది, కాకపోతే తొట్టి మీద కాదు.

ఆ తొట్టిని చూసుకునే ఫ్రీడా బావగారు మొన్న మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వచ్చే వారం కర్లింగ్ పోటీలకి పొరుగూళ్ల జట్లన్నీ ఆమె దగ్గరే దిగుతున్నాయి. నడిచలికాలంలో నీళ్లు మార్చడానికి వీల్లేదు. తొట్టి ఖాళీ చేశారా, గొట్టాలు గడ్డకట్టి పగిలి కూర్చుంటాయి. ఉన్న నీళ్లనే క్లోరిన్ మందు వేసి కాపాడుకురావాలి. మందు చాలలేదా, దిగినవాడి వీపంతా దద్దుర్లు, ఆ తర్వాత ఆ మోటెల్ పేరెత్తేవాడుండడు. అందుకని తొట్టి మూత తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలా అని ఆమె షెడ్డుకొచ్చింది. అది తనకి దక్కితే పొద్దునా సాయంత్రం ఆమె వాకిట్లో నిలబడొచ్చునని, ఆమె చేత్తో వేడి వేడి దాల్చినచెక్క రొట్టె తినొచ్చునని ఓరెస్ట్ నిన్నటి నుంచీ కలలు కంటున్నాడు.

తనకీ ఒక తొట్టి ఉంది కదా అని మెల్లగానే మొదలుపెట్టాడు. మొన్న పెద్ద చలిలో మందు ఎంతుందో చూద్దామని పరీక్ష పట్టీ ముంచాడట. బయటికి తీసేలోపే, రంగు తిరక్కముందే, అది కర్రముక్కలా బిగుసుకుపోయిందట. చంకలో పెట్టుకుని కాచుకుంటే గానీ రంగు రాలేదట.

"చంకలోదా ఆ రంగు, నీళ్లదా?" అన్నాడు గార్త్. ధాన్యం గిడ్డంగిలో పనిచేసే గార్త్ రోజుకి రెండు మాటలు మాట్లాడితే గొప్ప.

ఓరెస్ట్ వినలేదు. వినే అలవాటు అతనికి లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొట్టిలోంచి లేచిన ఆవిరి పైకెళ్లి, అక్కడే గడ్డకట్టి, మంచుగా నా పెరట్లోనే పడ్డం మొదలెట్టింది, ఊరంతా ఎండ, నా పెరట్లో మంచు, పక్కింటివాళ్లు నన్ను చూసి జాలిపడి పార తెచ్చారు, పార సరిపోలేదు, ట్రాక్టర్ తెచ్చారు, ట్రాక్టర్ కనిపించకుండా పోయింది..."

ఫ్రీడా కాఫీలో చక్కెర కలుపుతూ వింటోంది. ఆమె పెదవి చివర చిన్న వంపు. అది నవ్వేనని, తన కోసమేనని ఓరెస్ట్ గుండె చెప్పింది. ఇక మాటకి కళ్లెం ఎక్కడ?

ఆ మంచులోంచి ఒక దుప్పి వచ్చిందట. మామూలు దుప్పి కాదు, కొమ్ముల మీద ఇల్లు కట్టుకోవచ్చు. వచ్చి, మర్యాదగా అటూ ఇటూ చూసి, తొట్టిలో దిగి కూర్చుందట. ఒక మనిషి దిగితేనే నీళ్లలో మందు సగం తినేస్తాడు, దుప్పి దిగితే? ఓరెస్ట్ డబ్బాతో మందు పోస్తూనే ఉన్నాడట, అది తింటూనే ఉందట. ఇంతలో వెచ్చదనం తెలిసి, చలికాలమంతా పడుకోవాల్సిన ఎలుగుబంటి ఒకటి లేచొచ్చి వరసలో నిలబడిందట. స్నానం చేసి గానీ దిగకూడదు, బోర్డు కనబడ్డం లేదా అని ఓరెస్ట్ దాన్ని గదమాయించాడట. అది సిగ్గుపడి మంచులో పొర్లి వచ్చిందట.

కాఫీ పోస్తున్న నెటీ కెటిల్ కింద పెట్టేసింది. "మందు నీళ్లలో ఎక్కువైందా, నీలోనా ఓరెస్ట్?"

"నవ్వు, నవ్వు. డబ్బా మీది రంగుల కాగితాన్ని ఎలుగుబంటి నమిలేసింది. ఇప్పుడు పట్టీ రంగు దేనితో పోల్చాలి? తల ఎత్తాను. ఆకాశంలో ఉత్తరధ్రువపు రంగుల వెలుగులు. పచ్చగా, గులాబీగా, ఊదాగా, చీర ఆరేసినట్టు. పట్టీని వాటి పక్కన పట్టి చూశాను, లేత గులాబీ, అంటే మందు తక్కువ, ఇంకో గరిటె వేశాను. పట్టీతో పాటు ఆకాశం కూడా ఊదారంగు తిరిగింది! విమానం నడిపేవాడు పైనుంచి ఫోన్ చేశాడు, అయ్యా, దారి కనబడ్డం లేదు, కాస్త తగ్గించండి అని."

షెడ్డులో రాళ్లు వేసేవాళ్లు కూడా ఆట ఆపి అద్దం దగ్గరికొచ్చారు. ఓరెస్ట్‌కి అందరూ ఒక్కటే, ఫ్రీడా ఒక్కతే వేరు. ఆమె మొదటిసారి నోరు తెరిచింది.

"ఇప్పుడెలా ఉన్నాయి నీళ్లు?"

ఇదే అదను అనుకున్నాడు. ఆకాశాన్ని వదిలి నేల మీదికొచ్చాడు, పాపం, నిజం చెప్పడానికి.

"అద్దంలా ఉన్నాయి ఫ్రీడా, అద్దంలా. ఆ చలికి మూడు వారాలుగా మూత ఎత్తిందే లేదు, మూల కొంచెం పైకి లేపి మందు విసిరేసి టక్కున మూసేస్తా, ఒక్క పిసరు వేడి పోనివ్వను. మందు ఎంత గట్టిగా ఉందంటే మూత సందులోంచే క్లోరిన్ వాసన గుప్పుమని ముక్కు పగలగొడుతుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. హైవే మీద పోయే లారీవాడు కూడా, ఆహా, ఎవరిదో శుభ్రమైన తొట్టి అనుకుంటాడు."

ఫ్రీడా చెంచా పక్కన పెట్టింది.

"ఓరెస్ట్, బతికున్న మందుకి అంత వాసన రాదు. చచ్చిన మందే కంపు కొడుతుంది. చెమటా మురికీ తిని చచ్చి, మూత కింద బయటికి పోయే దారిలేక. మందు వేశాక మూత తీసిపెట్టి, నీళ్లు తిరగనిచ్చి, ఆ కంపంతా పోయేదాకా చలిలో పక్కన నిలబడాలి. మా బావ నిలబడేవాడు."

ఓరెస్ట్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి ఎత్తింది.

"నీ దుప్పిని నమ్ముతాను. ఎలుగుబంటినీ నమ్ముతాను. అవి ఒళ్లు కడుక్కోకుండా దిగాయని వాసనే చెబుతోంది. నీ శుభ్రమైన నీళ్లనే నమ్మలేకపోతున్నాను."

అద్దం అవతలి నుంచి కూడా నవ్వు వినిపించింది. మాటలు కోటలు దాటాయి, కాళ్లు గడప దాటలేదు అని నెటీ గొణిగింది, అందరికీ వినపడేట్టే గొణిగింది. ఫ్రీడా గార్త్ వైపు తిరిగి, మూత తీసి చలిలో నిలబడగలవా అని అడిగింది.

"నిలబడతా" అన్నాడు గార్త్. "లోపల నాకు మాట్లాడే పనేం లేదుగా."

తాళంచెవి బల్ల మీద జారి, ఓరెస్ట్ కప్పు పక్కనించే పోయి, గార్త్ చేతిలో ఆగింది. ఫ్రీడా కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. ఓరెస్ట్ ఆగలేకపోయాడు. టోపీ కూడా లేకుండా వెనకాలే పరుగెత్తాడు. ఆమె కారు అప్పటికే మలుపు తిరుగుతోంది. వెనక దీపాలు మంచులో రెండు ఎర్రటి పూలలా ఉన్నాయి. ఆమెతో ఒక్క మాట, ఒక్క నిజమైన మాట చెప్పాలని నోరు తెరిచాడు. తెల్లటి ఆవిరి తప్ప ఏమీ రాలేదు.