తోలు బిళ్ల

చిలుకూరు శివారు. తోలు పని చేసే మైసయ్య పందిరి ముందు ఒక చిన్న లారీ ఆగి ఉంది. 1948 ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం.

“చెయ్యనన్ననా లేదా? దొర మోటారుకు నేను చెయ్యి పెట్ట.”

“పెద్దయ్యా, జర నా మాటిను…”

“ఏమినాలె? సైదయ్య అంటివి గదా నీ పేరు? సైదయ్యా, ఇగ వెట్టికి చెయ్యొద్దని మా వాడకట్టంత కలిసి ఒట్టు పెట్టుకున్నం. దొరకు చెప్పులు కుట్టేది లేదన్నం, మోట బొక్కెన కుట్టేది లేదన్నం. ఇయ్యాల మోటారు కింద దూరితే నా మొఖాన ఉమ్మరా?”

“దొర పంపలే. దొరకు తెల్వకుంట తెచ్చిన. మిర్యాలగూడల ఆయన తిని పండుకున్నంక నడుపుకొచ్చిన. లేసి సూసిండంటే నన్ను బతకనియ్యడు. డ్రైవర్ని, జీతగాన్ని, నాకు నవ్వులాటనా?”

“మరెందుకు తెచ్చినవ్?”

“ఎనక ఒక మనిషున్నడు. గోనె సంచుల కింద. పొత్తికడుపుల తూటా దిగింది. సూర్యాపేట దవాఖాన నిండ పోలీసులే, ఆడికి పోతే సక్కగ జైలుకే. కోదాడ దాటి నిజాం హద్దు అవుతల పడితే జగ్గయ్యపేటల డాక్టరున్నడు. గీడికి వచ్చేసరికి ఎనక చక్రాల నడుమ ఇనుప గుండు ఒక్కటే అరుసుడు. నూనెంత కారిపోయింది. గిట్లనే పోతే లోపట పండ్ల చక్రాలు పట్టేస్తయి, నడి బాటల ఆగుతం.”

“అయ్యో! ఎవల పిల్లగాడు నాయనా?”

“ఎవలో, పెద్దమ్మా. సంగం పిల్లగాడు. పేరు తెల్వదు.”

“ఇంటివా, ములుగుతున్నడు… ఏమయ్యో, ఇంటున్నవా?”

“నిన్నే! లారీ దిక్కు గట్ల సూస్తవేంది?”

“ఇంటున్న. పెంటమ్మా, నువ్వాడికి పోకు. పొయ్యిల బూడిద ఎత్తుకరా. సైదయ్యా, ఎక్కడ కారుతున్నది?”

“చేస్తవా? ఇప్పుడే చెయ్యనంటివి…”

“ఎక్కడ కారుతున్నదంటే!”

“కింద బిరడ కాడనుకున్న. బిగిచ్చి సూసిన, ఆగలే. అంత నూనె మయం. ఏ సందుల కెళ్లి వస్తున్నదో సమజైతలేదు.”

“తుడువు. గుండంత పొడిగ తుడువు. ఏమే, బూడిద సల్లు. ఇగ మోటారును జర ముందుకు నడుపు. మెల్లగ… మెల్లగరా, లోపట మనిషున్నడు! ఆగు. బూడిద ఎక్కడ తడిసింది?”

“ముంగట… ఇంజను కాడికెళ్లి వచ్చే రాడ్డు గుండులకు పోయే కాడ. బిరడ కాడ పొడిగనే ఉన్నది!”

“బొక్కెన కారితే మేం గిట్లనే సూస్తం. ఇప్పు ఆ రాడ్డు.”

“ఇప్పుతున్న, ఇప్పుతున్న… అగ్గో, గిదీ! లోపట తోలు బిళ్ల ఉంటది, సగం అరిగి చినిగిపోయింది. కొత్తది కావాలంటే పట్నం పోవాలె. ఇగ ఖతం, పెద్దయ్యా. ఖతం.”

“ఇటియ్యి. పెంటమ్మా, మోట బొక్కెనకు కుట్టిన ఆ కొత్త తోలు తొండం తే.”

“పైసలిచ్చిన రైతు గౌరయ్యదా? రేపొచ్చి తీస్కపోతనన్నడు. ఎంత కష్టపడి తంగేడు చెక్క నీళ్లల నానబెడితివి…”

“తే అంటే!”

“పెద్దయ్యా, ఎంట్రుకంత వదులైతే కారుతది. ఎంట్రుకంత బిగుతైతే రాపిడికి కాలిపోతది. చెయ్యి వణికిందో…”

“నా చెయ్యి వణకదు. నువ్వు మాట్లాడకు.”

“నాయనా సైదయ్యా, మిర్యాలగూడ అంటివి గదా. మా కొడుకు బక్కయ్య ఆడనే బియ్యం మిల్లుల హమాలి. నల్లగ, పొడుగ్గ ఉంటడు. ఎన్నడన్న కనవడ్డడా?”

“మిల్లుల మస్తు మందుంటరు, పెద్దమ్మా.”

“ఎడమ చెవు జర తెగి ఉంటది…”

“కనవడలే అంటున్న గదా! ఏం సతాయిస్తవ్!”

“మరి మా ఇల్లెట్ల దొరికింది నీకు? బాట మీదికెళ్లి కనవడనే కనవడదు.”

“అదే… ఎవరో చెప్పిండ్రు. చిలుకూరుల మైసయ్య కుట్టిన తోలు కారదని.”

“ఎవలు చెప్పిండ్రు?”

“పెంటమ్మా! నోరు మూస్తవా మూయవా? ఆముదం ఎంతున్నది ఇంట్ల?”

“తోళ్లకు రాసేదంత ఉన్నది. కుండెడు.”

“కుండ గీడ పెట్టు. బిళ్లను దాంట్ల ముంచాలె. మిగిలింది గుండుల పోస్తం. నడుస్తదా, సైదయ్యా?”

“నడుస్తది. చిక్కటి నూనెనే కావాలె దానికి. జల్ది, పెద్దయ్యా, జర జల్ది…”

“దాహం అంటున్నడు పాపం. నేను నీళ్లు తాపిచ్చొస్త.”

“వద్దు పెద్దమ్మా! కడుపుల దెబ్బ, నీళ్లు తాపొద్దు!”

“తాపను. పెదాలు తడుపుత. ఏ తల్లి కన్న కొడుకో.”

“సంచులు తియ్యకు! పెద్దమ్మా, ఆగు… పెద్దయ్యా, ఆపు ఆమెను!”

“నేను లేస్తే బిళ్ల చెడిపోతది. పోనియ్ ఆమెను.”

“అయ్యో, సంచి తీసెనే!”

“తడిపినవా, పెంటమ్మా?”

“తడిపిన.”

“ఎట్లున్నడు?”

“ఉన్నడు.”

“ఎవలట?”

“ఎవలో. పరాయి పిల్లగాడు. నువ్వు కొయ్యి.”

“కొంగెందుకు నోటికి అడ్డం పెట్టుకున్నవ్?”

“బూడిద పోయింది. కొయ్యవయ్యా! నీ కాల్మొక్త, జల్ది కొయ్యి!”

“పెద్దమ్మా, నేను…”

“నువ్వేం చెప్పకు, నాయనా. ఏం చెప్పకు. ఆయన చెయ్యి పని మీదున్నది, ఉండనియ్.”

“అయింది. పట్టు, సైదయ్యా. ఎక్కియ్యి. తిప్పి సూడు.”

“కూసున్నది… సరీగ కూసున్నది! రాడ్డు బిగిస్తున్న. ఆముదం పొయ్యి, పెద్దయ్యా. ఇంక. ఇంక. సాలు. ఇగ పోత.”

“ఆగు. ముందటికి నడిపి సూడు. నడి బాటల ఆగితే మల్ల ఎవడున్నడు మీకు?”

“పొడిగున్నది. చుక్క లేదు, పెద్దయ్యా! ఒక్క చుక్క లేదు!”

“ఏమయ్యో, గీడికి రా. ఇగ నీ పనైపోయింది గదా, ఇగ చెప్త. గట్టిగ నిలవడు. నన్ను పట్టుకో. ఆ సంచుల కింద ఉన్నది పరాయోడు కాదయ్యా. మన బక్కడు.”

“పెద్దయ్యా, మాఫ్ చెయ్యి. ఇల్లు చూపిచ్చింది వాడే. నాయనకు ఎరికైతే చెయ్యి వణుకుతది, చెప్పకు అన్నా అని వాడే ఒట్టేయించుకున్నడు.”

“ఎక్కు, పెంటమ్మా. వాని తల ఒళ్లె పెట్టుకో. ములిగినప్పుడే నాకెరుకైంది. నీకు చెప్తే నువ్వేడుస్తవ్, నువ్వేడిస్తే నాకు తోలు కనవడదని నోరు మూసుకున్న.”