వంగిన కడ్డీ

1945. ఐరాల ఊరి చివర గురప్పాచారి కొలిమి. పొద్దున్నే దొరస్వామి తన లారీ ఊరి మొగదల ఆపి, ఒక ఇనుప కడ్డీ మోసుకొచ్చి దాగలి మీద పడేశాడు. దాన్ని సరిగ్గా చూడకముందే ఆచారి మొదలుపెట్టాడు.

"ఏనుగును కట్టేసినా వంగదని సెప్పినానా, లేదా?"

"సెప్పినావు ఆచారీ. ఇదో సూడు, కొడవలి మాదిరి వంగింది."

"అయితే నువ్వు ఏనుగును కట్టుండవు. ఇంకేందో కట్టుంటావు."

"పరాచికాలొద్దు. పూతలపట్టు కాడ గుంతలో దిగినాక స్టీరింగు ఒక పక్కకు తిప్పితే సక్రాలు ఇంకో పక్కకు సూస్తాండాయి. తోలేది నేనా, లారీనా అని నాకే తెలీలా. కిందికి దూరి సూస్తే నువ్వు సేసిన కడ్డీ ఇట్లుండాది."

"గుంత ఎంత లోతు?"

"మోకాటి లోతు."

"మోకాటి లోతు గుంతలో పడి గూడా విరగలేదా! అదప్పా నా పనితనం. కోలారు గనుల్లో మా వాడుండాడే, ఈ పంచె వాడు పంపిందే, వాడేమంటాడో తెల్సా? గనిలోకి దిగే తొట్టి గొలుసు గూడా మా నాయన కడ్డీ ముందర ఎందుకూ పనికి రాదంటాడు."

"మీవాని సంగతి తరవాత. రైలు ఉక్కుతో సేసినానంటివే! పాకాల టేసన్లో తెల్లదొర సేతికిచ్చినాడని, పనితనం సూసి నీకు సలాం కొట్టినాడని..."

"సలాం కొట్టింది నాకు గాదులే. నా ఎనకాల ఇంకో దొర నిలబడుండె."

"ఉక్కు సంగతి సెప్పు."

"ఉక్కా... రైలూ లేదు, దొరలూ లేరు. మా బామ్మర్ది పాత ఎద్దులబండి ఇరుసు. ఇరవై ఏండ్లు శెనక్కాయ మూటలు మోసింది. దాన్నే కాల్చి సాగదీసినా."

"బండి ఇరుసా! నా లారీకి బండి ఇరుసా!"

"నీ లారీ మాత్రం ఏమంత గొప్పది? పెట్రోలు కరువని బొగ్గుల కుంపటి ఈపుకు కట్టుకోని, బాలింత సాంబ్రాణి పట్టుకున్నట్లు పొగేసుకుంటా పోతాది."

"నాకు నవ్వు రాలేదు ఆచారీ. మద్రాసుకు రాస్తే, యుద్ధం అయ్యేదాకా ఈ సామాను దొరకదని జాబొచ్చింది. సాటుగా అమ్మేటోడు జత ఎద్దుల ధర సెప్పినాడు. గతి లేకనే గదా నీ కొలిమికి వచ్చింది. ఎల్లుండి మా బిడ్డకు కొండ మీద పుట్టెంటికలు తీయించల్ల. నా పెండ్లాం యశోద, మా అత్త, మావోళ్ళు అంతా కలిసి పద్దెనిమిది మంది. కొత్త కొండ రోడ్డుకు పర్మిట్టు గూడా తెచ్చినా."

"పద్దెనిమిది మందా? ఆ మలుపుల్లోనా?"

"అందుకే తిన్నగా సేసి, నీళ్ళు తాపు. కొడవళ్ళకు సేస్తావే, ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచేది, అట్ల. గట్టి పడతాది."

"తిన్నగా సేస్తా. ఇంకో ఇరుసు ముక్క అతికించి రెండింతలు లావు సేస్తా. నీళ్ళల్లో మాత్రం ముంచను."

"ఏం, నీళ్ళు కరువా?"

"ఈ పొద్దు మంగళారం."

"పోయిన మంగళారం మునిరామయ్య మడక కర్రుకు నీళ్ళు తాపిస్తివే! నేను ఈడనే కూసోనుంటి."

"అది కర్రు. మన్నులో దిగేది. దాని లెక్క వేరే."

"ఏం వేరే?"

"వేరేనప్పా. వేరే అంటే వేరే."

"సరే, ఇరుసు ఇనుము నీళ్ళు పట్టదేమోలే. అదో, గోడకు ఏలాడతాండాదే ముక్క. పోయిన సారి దాని మీద ఆకురాయి పెట్టి రుద్దితే గీత గూడా పడలా. అట్లాంటి ఉక్కుతో సేసి నీళ్ళు తాపు."

"అది టిప్పు సుల్తాను కత్తి ముక్క."

"పోయిన సారి పాళెగాని గుర్రం లాడం అంటివి."

"పాళెగాని గుర్రాన్నే గదా టిప్పు సుల్తాను..."

"ఆచారీ!"

"దాని జోలి వద్దులే. మజ్జిగ తాగుతావా? ఎండన పడి వచ్చినావు."

"ఏం ఎండ? ఇప్పుడే తెల్లారింది. సేయనంటే సేయనని సెప్పు. కాణిపాకంలో జయరావు ఉండాడు. ఉక్కూ ఆయప్పదే, నీళ్ళూ ఆయప్పవే. సాయంత్రానికి సేసిస్తాడు."

"ఆగు. ఆగప్పా. కడ్డీ ఆడ పెట్టు. ఒక కత సెప్తా, విని పో."

"నీ కతలు వినేదానికి నాకు..."

"ఇది నవ్వులాట కత గాదు. మూడేండ్ల కింద, మొగిలి కనుమ తట్టు పెంచలయ్య అని ఒక కమ్మరి. వానికి ఒకే కొడుకు. ఆ పిల్లోడు లారీ తోలతా ఉండె. ఇట్లే స్టీరింగు కడ్డీ పాయ. ఇట్లే యాడా దొరకలా. నేనుండా గదరా అన్నాడు కమ్మరి. పాత లారీ స్ప్రింగు పట్టా, మంచి ఉక్కు, దాన్ని కాల్చి కడ్డీ సేసినాడు. పుట్టినప్పటినుంచి కొడవళ్ళు సేసిన సెయ్యి గదా, దీనికీ అట్లే నీళ్ళు తాపినాడు. సుత్తితో తడితే గంట మాదిరి మోగె. ఊళ్ళో కనపడినోన్నల్లా పిల్సి మోగించి సూపించినాడు. వానికి గొప్పలు సెప్పుకునే పిచ్చి."

"నీ మాదిరే."

"నా మాదిరే. ఆ కడ్డీ వంగలేదప్పా. ఎన్ని గుంతల్లో దిగినా ఈసమంత గూడా వంగలా. పదైదు దినాలు సేసింది సేసినట్లే ఉండె. పదారో దినం కనుమ దిగతా మలుపు తిప్పినాడు. పటుక్కుమనె. అంతే. అంత గట్టి ఉక్కు గాజు లెక్క. ఇరుసు ఇనుమైతే ముందు వంగతాది. లారీ పక్కకు లాగతాది. నువ్వు ఆపుకోని, కిందికి దూరి సూసి, నన్ను తిట్టుకుంటా రాగలిగినావు."

"ఆ పిల్లోడు?"

"రాలేదు. తిట్టేదానికి గూడా రాలేదు."

"ఆచారీ, నువ్వు సెప్పేది వింటాంటే ఒళ్ళు జలదరిస్తాది. అయితే ఆ దొర సలాం కొట్టినప్పుడు గూడా జలదరించె. నన్ను జయరావు కాడికి పోనీకుండా ఇదొకటి కట్టినావు."

"లేదప్పా."

"పలమనేర్లో మా పెద్దమ్మ ఉండాది. మొగిలి తట్టంతా నేను ఎరగనా? పెంచలయ్య అనే కమ్మరి యాడుండాడు? ఏ ఊరు? ఎవురి కొడుకు?"

"మజ్జిగ తాగి పోదువులే."

"సూస్తివా, మళ్ళీ మజ్జిగంటావు. కడ్డీ ఇట్లియ్యి, నేను పోతా."

"దొరసామీ. ఆ గోడ మీది ముక్క తియ్యి. నువ్వే తియ్యి, నేను దాన్ని ముట్టను. విరిగిన కొస వాకిట్లో ఎలుతురుకు పెట్టి సూడు."

"పలుకులు పలుకులుగా ఉండాది. కలకండ పగలగొట్టినట్లు."

"వంగిన గుర్తుండాదా?"

"లేదు. మసి తుడిస్తే... ఈ కొసన కన్నం ఉండాది. మర తిరిగే కన్నం. ఆచారీ, ఇది స్టీరింగు కడ్డీ గదా!"

"అవును."

"నీకెట్లా వచ్చింది?"

"కనుమలో దిగి ఎతుక్కోని తెచ్చుకున్నా. ఆ రెండో ముక్క దొరకలా. ఇంకా జయరావు కాడికి పోతావా?"

"లేదు. తిత్తి నేను లాగతా. ఇంకో ఇరుసు అతికియ్యి. నీళ్ళు వద్దు."

"ఎంత లావు సేసినా ఆ బిడ్డను, ఆడోళ్ళను దీంతో కొండెక్కించొద్దు. అలిపిరి దాకా మెల్లగా తోలుకోని పో. ఆడ దిగి మెట్ల దోవన నడవండి."

"అట్లే. అత్తను నేను ఎత్తుకోనన్నా పోతాలే. అది సరే గానీ ఆచారీ..."

"తిత్తి లాగు. నిప్పు సల్లారతాది."

"లాగతాండా. మరి కోలారు గనుల్లో ఉండాడంటివే మీవాడు? ఈ పంచె..."

"పంచె చిత్తూరు సంతలో నేనే కొనుక్కుంటి. కోలారు గూడా, మొగిలి తట్టు నుంచి ఈ ఊరికి వచ్చినాక నేను కట్టిందే. ఇంక ఇప్పుడు సెప్పిన కతలో పెంచలయ్య అనే పేరు తీసేసి నా పేరు పెట్టుకో అప్పా. అదొక్కటే నేను కల్పించింది."