ట్రయల్ వారం

ఆదివారం సాయంత్రం. నాచారంలో ఓ అద్దె ఇంటి వాకిలి. ఎనిమిదేళ్ల కూతురు బ్లెస్సీ మేడ మీద ఇంటివాళ్లతో ఆడుకుంటోంది. ఎస్తేరు గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. భర్త శాంసన్ ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"అందుకే చెప్తున్న ఎస్తేరు. ఫెయిల్. నేను ఫెయిలైన. మాటంటె మాట."

"ఏం మాట బావ?"

"ఏం మాటంటవేంది? ఇద్దరం కలిసి అనుకున్నదే గదా. నీకు యూనివర్సిటీల ఎమ్మెస్సీ లెక్కల సీటొచ్చింది. రేపు సోమారం కాలేజీ షురూ అయితది. దానికంటె ముందు ఒక వారం ట్రయల్ చేద్దామన్నవ్. నువ్వు పొద్దుగాల్నే హబ్సిగూడల మీ అమ్మింటికి పోయి సాయంత్రం దాక ఆడ్నే ఉంటవ్. ఈ వారం నాది రెండో షిఫ్టు, మధ్యాన్నం దాక ఇంట్లనే ఉంట గదా, ఇల్లు, పిల్ల నేను సూసుకోవాలె. నాతోని అయితె నువ్వు చదువుకుంటవ్, కాకపోతె సీటు ఇడిసిపెడ్తవ్. అన్నమా, లేదా?"

"అన్నం."

"వారం అయిపాయె. నాతోని కాలే. ఇగ అయిపోయింది ముచ్చట."

"జర ఆగు. పరీక్ష రాసినోడే పేపరు దిద్దుకుంటడా? ఐదేండ్లు బడిల లెక్కలు చెప్పిన. మార్కులు నేనేస్త. సోమారం సంగతి చెప్పు."

"సోమారం అన్నం మాడింది."

"ఎంత మాడింది?"

"గిన్నె ఇంక నానవెట్టే ఉన్నది. తెచ్చి సూపియ్యాల్నా?"

"వద్దు, సూసిన. మంగళారం?"

"మంగళారం మాడలే. మెత్తగైంది. బ్లెస్సీ పాయసమనుకున్నది."

"తిన్నదా మరి?"

"శక్కరేసుకొని తిన్నది."

"బుధారం?"

"బుధారం... బుధారం సంగతి యాదికి లేదు."

"యాదికి లేదంటె మంచిగైందన్నట్టు. పాస్ మార్కులేస్తున్న. నల్లా నీళ్ళు?"

"నల్లా ముచ్చట తియ్యకు. సోమారం తెల్లారంగ నీళ్ళొచ్చినయ్, నేను లేసేసరికి బందైనయ్. మేడ మీద సత్తమ్మత్తను అడుక్కోని రెండు బిందెలు తెచ్చుకున్న."

"బుధారం గూడ వచ్చినయ్ గదా."

"వచ్చినయ్."

"డ్రమ్ము నిండిందా?"

"నిండింది."

"ఎట్ల నిండింది? నువ్వు లేసినవా?"

"లేవలే. డ్రమ్ముకు పైపు పెట్టి ఒక వాల్వు బిగించిన. నీళ్ళొస్తె దానంతలదే నిండుతది, నిండంగనే దానంతలదే బందైతది. అయినా అది ఫిట్టర్ పని ఎస్తేరు. ఇంటి పని కిందికి రాదు."

"ఆరేండ్ల సంది తెల్లారంగ లేసి నల్లాకాడ కూసున్న నేను. ఆ వాల్వు ఇన్నొద్దులు ఏడున్నది?"

"కంపెనీ స్క్రాపుల ఉన్నది. అడిగితె ఇచ్చిన్రు."

"నన్ను సూస్తె వాల్వు యాదికి రాలేదా?"

"నువ్వు ఎప్పుడన్న చెప్పినవా నల్లాకాడ కూసుండుడు ఇంత కష్టమని?"

"సరే. జడలు?"

"జడలా? ఆ పిల్ల నెత్తి నెత్తి కాదు. దువ్వెన పెడితె ఏడుస్తది, ఇడిసిపెడితె జారుతది. రబ్బరు బ్యాండ్లు ఏడ పెట్టినవో దొరకలే."

"అందుకని?"

"అందుకని... కంపెనీల వైర్లు కట్టే ప్లాస్టిక్ టై ఉంటది గదా. అదేసిన."

"పిల్ల జడకు కేబుల్ టై ఏసినవ్."

"రెడ్డు కలరే. యూనిఫామ్‌కు మ్యాచింగ్."

"సాయంత్రం నేనొచ్చి తీద్దామంటె ఊడలే. సత్తమ్మత్త కటింగ్ ప్లేయరు తెచ్చి కోసింది. నువ్వు బోల్టు బిగించినట్టు బిగించినవంట. పొద్దంత పిల్ల కండ్లు పెద్దగ తెరుసుకొనే కూసున్నదంట. ఏమైందమ్మా, భయపడ్డవా అని టీచర్ అడిగిందంట."

"గదే నేను చెప్తున్నది. ఫెయిల్."

"మర్నాడు ఇంకిద్దరు పిల్లలు మాకు గూడ గసొంటిదే గావాలని ఇండ్లల్ల ఏడ్సిన్రంట. ఒకామె బస్టాపుకాడ నన్ను పట్టుకొని అది ఏ దుకాణంల దొర్కుతదని అడిగింది."

"ఏం చెప్పినవ్?"

"మా ఆయన ఫారిన్‌ నుంచి తెప్పిచ్చిండని చెప్పిన."

"అబద్దాలు గూడ మొదలువెట్టినవా?"

"అవసరానికి బావ. ఇగ టమాట పప్పు సంగతి."

"ఏం టమాట పప్పు?"

"గురువారం నువ్వు చేసింది. సత్తమ్మత్త గిన్నె పట్టుకొని కిందికి దిగొచ్చి, ఇంక జర ఉన్నదా అని అడిగిందంట."

"ఆమె జెరమొచ్చి లేసింది. నోరు చప్పగుండి తిన్నది."

"ఏమేసినవ్ దాంట్ల?"

"ఏమెయ్యలే. ఎల్లిపాయలు దంచి పోపుల ఆఖర్ల ఏసిన. ముందుగాల ఏస్తె మాడ్తయ్. పోపు పప్పుల పొయ్యంగనే మూత పెట్టాలె. నువ్వు పెట్టవు, వాసనంత వాకిట్లకు పోతది."

"ఓహో."

"ఓహో ఏంది? ఫెయిలైతె అయిన గని ఉన్నమాట చెప్తున్న. నువ్వు చింతపండు గూడ ఎక్వేస్తవ్."

"పదేండ్ల సంది నా పప్పు తింటున్నవ్. ఒక్కనాడన్న చెప్పలేదేంది?"

"పదేండ్ల సంది నాకేం తెల్సు? గురువారమే గదా తెలిసింది."

"దీనికి నూటికి నూరు ఏస్తున్న."

"ఎయ్యకు. నేను ఒప్పుకోను. అయినా నీకు మాత్రం సుఖమున్నదా? నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి కండ్లు మూతలు పడుతుంటయ్ నీకు. అమ్మింట్ల కూసుండుడు గూడ అలుపేనా?"

"పొద్దంత మాట్లాడుతనే ఉంటరు బావ. ఇనుడు గూడ పనే."

"మీ అమ్మ సంగతి నాకు తెల్వదా."

"అమ్మ సంగతి ఇడిసిపెట్టు. పొద్దున చర్చిల జ్ఞానయ్య పాస్టరుగారి చెవిల ఏం చెప్పినవ్?"

"ఏం చెప్పలే. ప్రార్థన చెయ్యుమన్న."

"దేని గురించి?"

"దేవుని చిత్తం ఏదైతె అదే జరగాలని."

"గంతేనా?"

"జరంత... ఎస్తేరు మనసు ఇంటి దిక్కు తిప్పమని గూడ అన్న."

"ఆయన ఏమని ప్రార్థన చేసిండు?"

"నువ్వు గూడ ఇన్నవు గదా. మల్ల నన్నెందుకు అడుగుడు?"

"నీ నోటితోని ఇనాలె."

"మా సహోదరి ఎస్తేరు చదువుకు తలుపులన్ని తెరువు తండ్రీ అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఆమెన్ అన్న."

"గట్టిగన్నవ్. ముందు వరుసల కూసున్నోళ్ళు ఎన్కకు తిరిగి సూసిన్రు."

"అందరన్నంక నేనొక్కన్ని మూగోని లెక్క కూసుంటె బాగుంటదా? అయినా ఆయన బిడ్డ ఎంబీయే చదువుతున్నదన్న సంగతి నేను మర్సిపోయిన. ఆయనతోని చెప్పుడే నాది తప్పు."

"తప్పు ఒప్పుకున్నందుకు ఇంకో అయిదు మార్కులు."

"నవ్వులాట గాదు ఎస్తేరు."

"నేను నవ్వుతలేను. గురువారం నువ్వు మీ సూపర్‌వైజర్ బసవరాజు సారు దగ్గరికి పోయి, రెండేండ్లు నాకు రెండో షిఫ్టే ఇయ్యిరి సార్ అని అడిగినవంట. నిజమా, కాదా?"

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"సారు భార్య హైమావతక్క, కూరగాయల బండికాడ. మీ ఆయన మధ్యాన్నం దాక ఇంట్ల ఉంటనని అడిగిండంట గదా, అదృష్టవంతురాలివి అన్నది."

"రెండో షిఫ్టుల ఎండ తక్వుంటదని అడిగిన."

"కంపెనీ లోపట ఎండేంది బావ?"

"రేకుల షెడ్డు. నీకేం తెల్సు?"

"గురువారం నా చదువు కోసం షిఫ్టు అడిగినవ్. ఆదివారం నేను ఫెయిల్, చదువు వద్దంటున్నవ్. నడుమ ఏమైంది?"

"ఏం కాలే."

"శుక్రారం షిఫ్టు నుంచి వచ్చి సగం బువ్వ ఇడిసిపెట్టి లేసినవ్. అడిగితె ఆకలి లేదన్నవ్."

"ఆకలి లేకుండె."

"బావ."

"క్యాంటీన్ల మా షిఫ్టు తిరుపతి ఒక మాటన్నడు. ఇడిసిపెట్టు."

"ఏమన్నడు?"

"ఇడిసిపెట్టంటున్న గదా. మనిషి మంచోడే. నోరే మంచిది గాదు."

"ఏమన్నడో చెప్పు."

"ఫిట్టర్ శాంసన్ ఇప్పుడు జడల మేస్త్రి అయిండన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన."

"నవ్వితె అయిపాయె గదా."

"అంతటితోని ఆగలే. ఇయ్యాల నువ్వు జడలేస్తున్నవ్, రెండేండ్లయినంక మేడం నీతోని ఏం మాట్లాడుతదిరా అన్నడు. దానికి నాకు నవ్వు రాలే."

"నువ్వేం జవాబిచ్చినవ్?"

"చాయ్ సల్లగైంది, మార్సుకొస్తనని లేసిపోయిన."

"తిరుపతి మాటకే ఇంత అయితె ఎట్ల బావ?"

"తిరుపతి మాట గాదు ఎస్తేరు. అది నా మాటే. వాడు ముందుగాల అన్నడంతే. నాకు భయమైతుంది. అన్నానికి గాదు, జడలకు గాదు. నువ్వొక్కోసారి ఆ పుస్తకం ముందలేసుకొని నీల నువ్వే నవ్వుకుంటవ్. లెక్క సూసి నవ్వేటోళ్ళు ఉంటరని నాకు పెండ్లయినంకనే తెలిసింది. ఏమైందే అంటె ఏం లేదు బావ అంటవ్. చెప్పినా ఈయనకేం అర్థమైతదని అనుకుంటవ్ గావచ్చు. నేను ఐటీఐ. ఇగ ఆడికి పోతె, నువ్వు నవ్వంగనే ఎందుకు నవ్వినవో తెల్సినోళ్ళే అందరుంటరు."

"నేను ఏం లేదన్నది గందుకు గాదు."

"మరెందుకు?"

"నువ్వు పొద్దంత మిషన్ల కాడ నిలబడి అప్పుడే వస్తవ్. కాళ్ళు గుంజుతున్నయని గోడకు ఆనుకొని కూసుంటవ్. గసొంటి మనిషికి లెక్క చెప్పుడేందని ఊకున్న."

"మల్ల ఇంకోసారి అడిగితె చెప్తుంటివా?"

"అడిగి సూడకపోతివి. బ్లెస్సీ కడుపుల ఉన్నప్పుడు డిగ్రీ పరీక్ష రాసిన. సైకిల్ మీద మెల్లగ తీస్కపోయింది ఎవరు? నేను రాసి బయటికి వచ్చేదాక ఎండల నిలబడ్డది ఎవరు?"

"అది డిగ్రీ. మాట్లాడనీకి ఇబ్బంది రాలే."

"దీనికి గూడ రాదు. నా మనసుల మాట చెప్తున్న, ఇను. ఆరో తరగతి లెక్కలే ఐదేండ్ల సంది చెప్తి. తలుపు వెనక ఇంకేమున్నదో సూడాలని నాకు మస్తు ఆశగున్నది. ఈ సీటు ఇడిసిపెట్టుమంటె ఇడిసిపెడ్త, నీతోని కొట్లాడను. వంట చేస్త, మల్ల బడిల చెప్పనీకి పోత, నీ బాక్సు కడ్త. గని పుస్తకం ముందలేసుకొని నవ్వుడు మాత్రం బందైతది బావ."

"గట్లనకు."

"మరెట్లనాలె?"

"గట్లయితె మాత్రం అనకు. నాకు మంచిగనిపియ్యది."

"మరి పాసా, ఫెయిలా?"

"మల్ల గదే అడుగుతవ్."

"నీకు చేసుడు వచ్చిందా, రాలేదా? గదొక్కటి చెప్పు."

"వచ్చింది. వచ్చిందనుకో."

"అనుకో ఏంది?"

"ఎందుకంటె అది అసలు పరీక్ష గాదు ఎస్తేరు. నేను ఫెయిలంటున్నది గందుకే. ఈ వారం నేను దేని మీద నడిపిచ్చిన్నో తెల్సా? నువ్వు హబ్సిగూడల ఉన్నవన్న ధైర్యం మీద. ఏం జరిగినా ఒక్క ఫోన్ కొడితె ఆటో ఎక్కి వస్తవని."

"వారంల ఒక్కసారన్న ఫోన్ కొట్టినవా?"

"కొట్టలే. అన్నం మాడిన నాడు నంబరు గూడ తీసిన. పోనీ, మాడిందాన్ని ఆమె వచ్చి ఏం చేస్తదని మల్ల జేబుల పెట్టుకున్న."

"జడల నాడు?"

"కొట్టలేదంటున్న గదా. కొట్టుడు వేరె, ఉన్నవన్న ధైర్యం వేరె. రేపు నువ్వు నిజంగ క్లాసుల కూసుంటవ్. ఫోన్ బందుంటది. గది నాకు తెల్సి ఉంటది గదా, ఇగ నా కాళ్ళు చేతులు ఆడవు. ఉప్పుకు శక్కరకు తేడా తెల్వదు. అందుకని నేనొక మాటంటున్న. సీటు ఇడిసిపెట్టకు. రేపు పోకు, అంతే. ఇంకో వారం ట్రయల్ చేద్దాం. ఎందుకంటె నువ్వు నిజంగ కాలేజీల ఉన్న నాడు ఈ ఇల్లు నాతోని ఒక్కపూట గూడ నడవదు. రాసిస్త కావాలంటె."

"రాసియ్యకు బావ. కోపం చెయ్యనంటె ఒక మాట చెప్త. క్లాసులు షురూ అయ్యేది రేపు గాదు, పోయిన సోమారమే అయినయ్. ఈ వారంల ఒక్కనాడు గూడ నేను హబ్సిగూడల బస్సు దిగలే."